ఎత్తు మీద ఆగి మళ్లీ కదలడం

(ఇబ్రహీంపట్నంలో ఇచ్చిన స్మారక ఉపన్యాసం)

మన ఊరికి ఒక సుల్తాను పేరు. పదహారో శతాబ్దంలో గోల్కొండను ఏలిన ఇబ్రహీం కుతుబ్ షా ఈ ఊరి పేరులో ఉన్నాడు, చెరువులో ఉన్నాడు. మన జిల్లాకు ఒక నాయకుడి పేరు. 1978లో హైదరాబాదు జిల్లా నుంచి వేరుపడ్డ పల్లె ప్రాంతానికి తర్వాత కొండా వెంకట రంగారెడ్డి పేరు పెట్టుకున్నాం. ఈ ఉపన్యాసానికి మాత్రం ఒక డ్రైవరు పేరు పెట్టారు. నాకు తెలిసినంతలో ఇది న్యాయమే. సుల్తాను చెరువు కట్టించాడు, నాయకుడు జిల్లాకు పేరిచ్చాడు. ఆ చెరువు కట్ట మీద, ఈ జిల్లా రోడ్ల మీద పక్కవాడికి దెబ్బ తగలకుండా బండి ఎలా నడపాలో మాకు నేర్పింది ఈ మనిషి.

ఆయన పేరు కరపత్రంలో అచ్చయింది. నేను ఒక్కనాడూ ఆ పేరుతో పిలవలేదు కనుక ఇవాళ కూడా ఉస్తాద్ అనే అంటాను. లారీ మీద క్లీనరుగా ఎక్కి, డ్రైవరై, చివరికి డబుల్ కంట్రోల్ పెట్టించిన ఒక మారుతి 800తో నేర్పడం మొదలుపెట్టారు. నేర్చుకునేవాళ్లకు మూడు పెడళ్లు, పక్కన కూర్చున్న ఆయనకు రెండు. ఆ రెంటి మీద నుంచి ఆయన కాళ్లు ఎన్నడూ తియ్యలేదు. ఎంత అలవాటంటే, పెళ్లికి ఎవరి కారులో వెళ్లినా పక్క సీట్లో కూర్చుని, అక్కడ లేని బ్రేకును మ్యాట్ మీద తొక్కుతూనే ఉండేవారు.

వక్తగా నన్నెందుకు పిలిచారని నిర్వాహకులను అడిగాను. 'మీరు రెండుసార్లు ఫెయిలయ్యారు గదా మేడం, అందుకే' అన్నారు. ముప్పై ఆరేళ్లు జిల్లా పరిషత్ బడుల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషికి ఇంతకంటే పెద్ద బిరుదు రాదు. కాబట్టి ఈ సాయంత్రం నా పాఠ్యాంశం ఒకటే: పెద్ద వయసులో డ్రైవింగు పరీక్షకు మళ్లీ వెళ్లేవాళ్లకు ధైర్యం ఎక్కడినుంచి రావాలి?

ముందు ఈ 'మళ్లీ' ఎలా వచ్చిందో చెబుతాను. నా మొదటి లైసెన్సు 1996 నాటిది. అప్పుడు నాకు ముప్పై మూడేళ్లు. అప్పటి చట్టం ప్రకారం అది ఇరవై ఏళ్లయినా చెల్లాలి, లేదా యాభై ఏళ్లు నిండేదాకా చెల్లాలి, ఏది ముందొస్తే అది. 2013లో నాకు యాభై నిండాయి. ఆ రోజు ఇంట్లో పాయసం వండుకున్నాం గానీ బీరువాలో లైసెన్సు చచ్చిపోయిందని ఎవరికీ తట్టలేదు. తట్టకపోవడానికి కారణం ఉంది. ఆ పదిహేడేళ్లలో నేను కారు నడిపిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కారు మా వారిది, స్టీరింగు మా వారిది. నాది పక్క సీటు.

2024 జూలైలో రిటైరయ్యాను. అదే ఏడు మా వారికి కంటి చూపు తగ్గింది. కంటి డాక్టరు దగ్గరికి నగరానికి తరచుగా పోవాలి. కారు గుమ్మం ముందే ఉంది, నడిపే మనిషే లేడు. 'ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయిందిగా, ఇంకా కారెందుకు టీచరమ్మా?' అని అడిగారు కొందరు. 2023 డిసెంబరు 9 నుంచి మనకు బస్సు ఉచితమే, కాదనను. నాకు ఉచితమే గానీ చూపు ఆనని మా వారికి ఎల్బీ నగర్‌లో దిగి బస్సు మారడం ఉచితం కాదు, దానికి ఆయన చెల్లించేది వేరే.

1988 మోటారు వాహనాల చట్టాన్ని 2019లో సవరించారు. దాని ప్రకారం గడువు దాటి ఏడాది లోపల వెళితే రెన్యువల్ అవుతుంది. ఏడాది దాటితే బండి నడపడం వచ్చని మళ్లీ పరీక్షలో చూపించాలి. నాకు పదకొండేళ్లు దాటాయి. ఈ సభలోనూ నాలాంటివాళ్లు ఉండే ఉంటారు. ఇవాళ ఇంటికి వెళ్లాక బీరువా తీసి తేదీ చూసుకోండి. యాభై ఐదు దాటినవాళ్లకు ఇప్పుడిచ్చే లైసెన్సు ఐదేళ్లే. అంటే ఈ 'మళ్లీ' మన తలుపు తరచుగా తడుతుంది.

ఒక మంచి మాట కూడా చెప్పాలి. చట్టంలో కింది వయసు ఉంది గానీ పై వయసు లేదు. నలభై దాటితే డాక్టరు ధ్రువీకరణ పత్రం అడుగుతారు, అంతే. 'ఈ వయసులో నీకెందుకు' అనే మాట చట్టం ఎక్కడా అనలేదు. అన్నది మనమే. మొక్కై వంగనిది మానై వంగునా అని పిల్లల పెంపకం గురించి పుట్టిన సామెతను తెచ్చి పెద్దవాళ్ల నెత్తిన పెట్టాం.

నన్ను ఎల్‌ఎల్‌ఆర్, అంటే లెర్నర్ లైసెన్సు, దగ్గర్నుంచి మొదలుపెట్టమన్నారు. దాని పరీక్షలో 20 ప్రశ్నలు, 12 ఒప్పయితే చాలు. ప్రశ్నలు తెలుగులోనే ఉంటాయి. అయితే అది మనం ఇంట్లో మాట్లాడే తెలుగు కాదు. 'అధిగమించుట' అని ఉన్నచోట ఒక్క క్షణం ఆగిపోయాను. అది ఓవర్‌టేకే. జీవితమంతా పిల్లలకు 'ప్రశ్న సరిగ్గా చదువు' అని చెప్పాను గానీ, ప్రశ్న ఏ భాషలో మాట్లాడుతోందో పట్టుకోవడమే సగం పరీక్ష అని అరవై ఒకటో ఏట తెలిసింది.

తర్వాత మా తమ్ముడి కొడుకు ప్రాక్టీసు చేయించాడు. వాడికి నేనంటే ప్రాణం. 'ధైర్యంగా ఉండత్తా, ఏం కాదు' అనే ఒక్క మాట రోజుకు యాభైసార్లు చెప్పాడు. ఉస్తాద్ దగ్గరికి వెళ్లడానికి నాకు నామోషీ అయింది. ఆయన నేర్పిన విద్యను తుప్పు పట్టించిన ముఖం ఎలా చూపించను?

ట్రాక్ మీద మొదటిసారి ఎత్తు దగ్గర ఓడిపోయాను. వంతెనలాంటి ఎత్తు మధ్యలో ఆగాలి, మళ్లీ ముందుకు కదలాలి, బండి వెనక్కి జారకూడదు. రెండుసార్లు ఇంజను ఆగిపోయింది. మూడోసారి వెనక్కి జారింది. నా వెనక వరుసలో ఉన్న కుర్రాళ్లలో ఒకడు నా దగ్గర తొమ్మిదో తరగతి చదివినవాడు. వాడు నవ్వలేదు. తల దించుకున్నాడు. నవ్వి ఉంటే బాగుండేదనిపించింది.

పరీక్ష పోతే ఏడు రోజులు ఆగి మళ్లీ రావచ్చు. మూడుసార్లు పోతే అరవై రోజులు ఆగాలి, దిద్దుబాటు శిక్షణ కూడా పూర్తి చేయాలి. రెండోసారి వెళ్లేముందు రాత్రింబవళ్లు ఎత్తునే కలవరించాను. ఎత్తు బాగానే ఎక్కాను. కానీ హెచ్ అక్షరంలా ఉండే ట్రాక్‌లో రివర్స్ తీస్తూ కంబానికి తగిలించాను. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ నా కొడుకు వయసువాడు. 'పర్లేదు మేడం, మళ్లీ రండి' అన్నాడు మర్యాదగా. లెక్కల్లో తప్పినవాళ్లకు ముప్పై ఆరేళ్లు నేను చెప్పిన మాట సరిగ్గా అదే: 'పర్లేదు, సప్లిమెంటరీ రాయి.' ఆ మాట వినేవాడి చెవికి ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది.

బయట ఒకాయన దగ్గరికొచ్చి, కొంత ఇస్తే పని తానే చూసుకుంటానని లోగొంతుతో చెప్పాడు. ఆ రాత్రి, అబద్ధమెందుకు, కాసేపు ఆలోచించాను. పొద్దున్నే ఉస్తాద్ ఇంటికి వెళ్లాను. అప్పటికి ఆయన కారు కొడుక్కి అప్పగించి ఇంటి దగ్గరే ఉంటున్నారు. అంతా విని ఒకే మాటన్నారు. 'కాయిదం ఆయన తెస్తడు టీచరమ్మా. బ్రేకు మాత్రం నువ్వే గదా తొక్కాలె.'

ఆ తర్వాత చెప్పిన రెండో మాట కోసమే ఈ ఉపన్యాసమంతా. 'బండి ఎన్కకు జారుతదని గాదు నీ భయం. ఎన్కున్నోడు చూస్తున్నడని.'

మిత్రులారా, వయసొచ్చాక నేర్చుకునేవాళ్ల కష్టం ఇందులో ఉంది. పద్దెనిమిదేళ్లవాడు ఫెయిలైతే వాడి దగ్గరున్నది ఒక పరీక్ష, అది పోయింది. అరవై ఏళ్ల మనిషి ఫెయిలైతే ఒక పరీక్షతో పాటు ఒక టీచరమ్మ, ఒక అత్తగారు, ఒక ఇంటి పెద్ద కూడా పోయినట్టు అనిపిస్తుంది. వయసుతో చేతులూ కాళ్లూ కొంచెం నెమ్మదిస్తాయి, నిజమే. మెడ పూర్వంలా తిరగదు, అదీ నిజమే. కానీ చేత్తో, కాలితో ఒకసారి నేర్చిన పని అంత తొందరగా పోదు. ఎండిన చెరువును చూసి నీళ్లు లేవంటాం గానీ కట్ట లేదని అనం. నా కట్ట అలాగే ఉంది. నీళ్లు రాకుండా కాలువకు అడ్డం పడ్డది నామోషీ.

దాన్ని ఉస్తాద్ ఎలా తీశారో చెబుతాను. 'ధైర్యంగా ఉండు' అని ఆయన ఒక్కసారీ అనలేదు. మూడు రోజులు యాక్సిలరేటర్ ముట్టనివ్వలేదు. చదును నేల మీద హాఫ్ క్లచ్ ఒక్కటే. క్లచ్ మెల్లగా వదులుతూ పోతే ఒకచోట బండి సన్నగా వణుకుతుంది, బానెట్ కొంచెం లేస్తుంది. ఇంజను చక్రాన్ని పట్టుకునే చోటు అదే. 'గా వణుకు నీది గాదు, బండిది. గుర్తు పట్టు' అన్నారు. నేను భయపడ్డప్పుడల్లా నా కాలే వణుకుతోందనుకునేదాన్ని. ఆ వణుకు వచ్చిందంటే బండి కదలడానికి సిద్ధంగా ఉన్నట్టు.

నాలుగో రోజు చెరువు కట్ట మీదికెక్కే దారికి తీసుకుపోయారు. హ్యాండ్ బ్రేక్ వేసి ఆపు, హాఫ్ క్లచ్‌లో వణుకు పట్టు, కాస్త రేజ్ ఇయ్యి, హ్యాండ్ బ్రేక్ వదులు. నాకొక నోటు పుస్తకం ఇచ్చి 'నువ్వు లెక్కల టీచర్‌వి గదా, రాసుకో' అన్నారు. ఎత్తు మీద పదిసార్లలో ఎన్నిసార్లు జారకుండా కదిలింది? మొదటి రోజు పదికి మూడు. నాలుగు రోజులకు పదికి తొమ్మిది. ఇంట్లో ఎవరెంత మెచ్చుకున్నా నాకు నమ్మకం కుదరలేదు. ఆ తొమ్మిది చూశాక కుదిరింది, ఎందుకంటే లెక్క నాకు అబద్ధం చెప్పదు.

ఒకటి బాగా రాగానే దాన్ని వదిలించారు. ఒకసారి ఎత్తు, వెంటనే రివర్స్, తర్వాత ఎనిమిది అంకెలా తిరగడం, మళ్లీ ఎత్తు, ఇలా కలగలిపి చేయించారు. పదికి తొమ్మిది కాస్తా ఆరుకు పడిపోయింది. నేను గోల పెట్టాను. ఆయన పట్టించుకోలేదు. తర్వాత చదివితే తెలిసింది, 1979లోనే జాన్ షే, రాబిన్ మోర్గాన్ అనే ఇద్దరు పరిశోధకులు ఇది చూపించారట. ఒకే పనిని వరసగా చేసినవాళ్లు అభ్యాసంలో బాగుంటారు. కలగలిపి చేసినవాళ్లు అభ్యాసంలో తడబడినా, రోజులు గడిచాక ఎక్కువ గుర్తుంచుకుంటారు. రెండోసారి నేను ఎత్తునే కలవరించి హెచ్‌లో పోవడానికి కారణం ఇదే. మా ఉస్తాద్ షేను చదవలేదు. లారీని చదివారు.

ఇక నామోషీ సంగతి. ఒక పొద్దున చాయ్ దుకాణం దగ్గర కూర్చునే ముగ్గురిని వెంటేసుకొచ్చారు. 'మీ పని చూసుడే' అని వాళ్లను ట్రాక్‌లా గీసిన గీతల పక్కన నిలబెట్టారు. మొదటి రోజు వాళ్లు నవ్వారు, ఇంజను రెండుసార్లు ఆగింది. రెండో రోజు సలహాలిచ్చారు. మూడో రోజు ఒకాయన ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. నాలుగో రోజు ఇద్దరే వచ్చారు, వాళ్లూ భూముల ధరలు మాట్లాడుకుంటున్నారు. జనం మన తప్పును మనం అనుకున్నంత సేపు చూడరని నాకు ఉపన్యాసంతో చెప్పలేదు ఆయన. చూపించారు.

ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1977లో, మనిషికి తన సామర్థ్యం మీద నమ్మకం నాలుగు దారుల్లో వస్తుందన్నాడు. తానే చేసి గెలవడం, తనలాంటివాళ్లు గెలవడం చూడడం, నమ్మేవాళ్లు చెప్పే మాట, తన ఒంట్లో గుండెదడ లాంటివాటికి తానిచ్చుకునే అర్థం. వీటిలో అన్నిటికంటే బలమైనది మొదటిదే అన్నాడు. మా తమ్ముడి కొడుకు మూడోదాన్ని యాభైసార్లు పోశాడు. ఉస్తాద్ మొదటిదాన్ని నోటు పుస్తకంలో రాయించారు, నాలుగోదానికి 'వణుకు బండిది' అని అర్థం మార్చారు.

రెండోదానికి ఒక ఆవిడను చెబుతాను. దక్షిణ కొరియాలో కూరగాయలమ్ముకునే చా సా-సూన్. 2005 ఏప్రిల్ నుంచి రాత పరీక్షకు వెళ్తూనే ఉంది. 100కు 60 వస్తే పాస్. పరీక్షలోని పారిభాషిక పదాలు ఆమెకు కొరుకుడు పడేవి కావు. 2009 నవంబరులో, 950వ ప్రయత్నంలో సరిగ్గా 60 తెచ్చుకుంది. మరో పది ప్రయత్నాలకు, 2010లో, అరవై తొమ్మిదేళ్ల వయసులో లైసెన్సు చేతికొచ్చింది. అందరూ ఆమె పట్టుదలను మెచ్చుకుంటారు. నేను లెక్కల మనిషిని కదా, నాకు ఆ అరవయ్యే ముద్దు. మనకూ ఇరవైకి పన్నెండంటే అరవై శాతమే. పరీక్ష నిన్ను గొప్పదానివా అని అడగడం లేదు, చాలినంత వచ్చా అని అడుగుతోంది. పెద్దవాళ్లం అక్కడే పొరబడతాం, ఇంత వయసొచ్చి నూటికి నూరూ రాకపోతే పరువేమవుతుందని.

నా పాత విద్యార్థి ఒకమ్మాయి లండన్‌లో ఉంటుంది. హైదరాబాదు రోడ్ల మీద పదిహేనేళ్లు నడిపింది. బ్రిటన్‌లో మన లైసెన్సు పన్నెండు నెలలే చెల్లుతుంది, ఆపైన అక్కడి పరీక్ష పాసవ్వాలి. ఆమె మొదటిసారి తప్పింది. ఫోన్లో అడిగితే, 'మొదట్లో చిన్న తప్పు చేశాను టీచర్, అంతా అయిపోయిందనుకుని ఆ కంగారులో పెద్దది చేశాను' అంది. అక్కడ చిన్న తప్పులు పదిహేను దాకా ఓర్చుకుంటారు, పెద్దది ఒక్కటైనా ఓర్చరు. ఆమె పోగొట్టుకున్నది ఆ రెండో తప్పుతో. ఇంజను ఆగిపోతే అది ఆగడమే. మళ్లీ తాళం తిప్పితే స్టార్టవుతుంది. సిగ్గుతో తొందరపడి క్లచ్ వదిలేస్తేనే అసలు ప్రమాదం.

కొన్ని చిన్న విషయాలు, కాగితం తెచ్చుకున్నవాళ్లు రాసుకోండి. నేర్చుకున్న కారులోనే పరీక్షకు వెళ్లండి. చీర కట్టేవాళ్లు కుచ్చిళ్లు క్లచ్ పెడల్‌కు చిక్కకుండా పిన్ను పెట్టుకోండి. నేను చివరికి పంజాబీ డ్రెస్ వేసుకున్నాను. చెప్పులొద్దు, కాలిని పట్టుకుని ఉండే బూట్లు వేసుకోండి. రెండు చూపుల కళ్లద్దాలున్నవాళ్లు అద్దంలో చూసేటప్పుడు తల కాస్త దించాలా ఎత్తాలా అన్నది ముందే అలవాటు చేసుకోండి. మెడ తిరగకపోతే నడుము నుంచి తిరగండి. సీటు, అద్దాలు సర్దుకోవడానికి సిగ్గుపడకండి, అది పరీక్షలో మొదటి మెట్టే. బీపీ మాత్ర రోజూ వేసుకునే వేళకే వేసుకోండి. రాత్రి నిద్ర పోండి, పొద్దున టిఫిన్ తినండి.

ధైర్యం గురించి ఇంత చెప్పాక దాని రెండో ముఖం దాచను. మా వారు, చూపు పూర్తిగా పోకముందే, ఒక సాయంత్రం తాళాలు తెచ్చి టేబుల్ మీద పెట్టారు. 'ఎదురొచ్చే లైట్లలో మనిషి కనపడ్డం లేదు. ఇక నేను నడపను' అన్నారు. నా మూడు పరీక్షల్లో కలిపి అంత ధైర్యం లేదు. పరీక్ష మనల్ని అవమానించడానికి పెట్టలేదు. సాగర్ రోడ్డు మీద పొద్దున ఇంజనీరింగు కాలేజీ బస్సుల మధ్య నుంచి బడికి నడిచిపోయే పిల్లల తరఫున పెట్టారు. వాళ్ల తరఫున నన్ను రెండుసార్లు వెనక్కి పంపిన ఆ కుర్ర అధికారికి రుణపడి ఉన్నాను. ఆ రోజు నన్ను పాస్ చేసి ఉంటే అది పొరపాటయ్యేది.

2025 ఫిబ్రవరిలో మూడోసారి వెళ్లాను. ఎత్తు మధ్యలో ఆపాను. వణుకొచ్చింది. బండిది. హ్యాండ్ బ్రేక్ వదిలాను. కదిలింది. హెచ్‌లో ఒకచోట సరిగ్గా పడలేదనిపిస్తే ఆగి, ఊపిరి తీసుకుని, తిప్పుకున్నాను. దిగాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అధికారి ఏదో టిక్కు పెట్టుకుని తర్వాతి పేరు పిలిచాడు. నా పాత లైసెన్సు మీద ఆంధ్రప్రదేశ్ అని ఉంది, కొత్తదాని మీద తెలంగాణ అని ఉంది. రెంటి మధ్య ఒక రాష్ట్రం పుట్టింది, నేను మళ్లీ ఒకసారి విద్యార్థినయ్యాను.

ఇక్కడున్న టీచర్లకు ఒక మనవి. తప్పినవాడితో 'పర్లేదు, మళ్లీ రాయి' అని ఊరుకోకండి. వాడికొక నోటు పుస్తకం ఇవ్వండి. ఎక్కడ ఆగింది, పదిలో ఎన్ని వచ్చాయి, రేపు దేన్నుంచి మొదలు అని రాయించండి. నేను ముప్పై ఆరేళ్లు ఆ పని చేయలేదు. నా దగ్గర తప్పిన పిల్లలు ఈ హాల్లో ఉంటే క్షమించమని అడుగుతున్నాను.

పాసైన వారానికి ఉస్తాద్‌ను మా కారులో యాచారం దాకా తీసుకెళ్లాను, వాళ్ల బంధువుల ఇంట్లో ఏదో పని ఉందంటే. పోయేటప్పుడు పక్క సీట్లో కూర్చుని ఎప్పటిలాగే కాలితో మ్యాట్ మీద లేని బ్రేకు తొక్కుతూనే ఉన్నారు. నేను చూసీ చూడనట్టున్నాను. తిరిగొచ్చేటప్పుడు పొద్దు వాలింది. కాసేపటికి మాట వినపడకపోయేసరికి ఓరగా చూశాను. తల కిటికీకి ఆనించి నిద్రపోతున్నారు. రెండు కాళ్లూ ముందుకు చాపుకుని ఉన్నాయి, కదలకుండా.

నాకు సర్కారు ఇచ్చిన కార్డు ఐదేళ్లకు ముగిసిపోతుంది. ఆ నిద్రకు గడువు లేదు.